గ్రంథాలయమున చంద్రరాత్రి: పూర్వరంగము, ప్రయోజనము

గ్రంథాలయమనగా పుస్తకములను భద్రపఱచు తావనియు, చంద్రుని చూచుటకు మేడకప్పు గాని యేటియొడ్డు గాని చాలుననియు మనము సామాన్యముగా తలంచుచుందుము. కావున నొక పౌరగ్రంథాలయము ప్రొద్దుగ్రుంకిన వెంటనే తలుపులు మూయుటకు మాఱుగా తెఱచియుంచి, తల్లిదండ్రులను, పిల్లలను, ముదుసలులను ఒక్కచో చేర్చి, దూరదర్శినితో చంద్రుని చూపి, చంద్రునిగూర్చిన శాస్త్రవిషయములను తేటతెలుగున చెప్పుట వింతగా తోపవచ్చును. ఇది పరదేశములనుండి వచ్చిన వేడుక యని కొందఱు పెద్దలు నాతో ననిరి. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున 2008లో ఖగోళాభిమానులు గ్రంథాలయములకు దూరదర్శినులనిచ్చి, పుస్తకములవలెనే వానిని పాఠకులకు ఎరువిచ్చు పద్ధతిని ప్రారంభించిరి. 2010 నుండి యేటేట అంతర్జాతీయ చంద్రవీక్షణరాత్రి జరుగుచున్నది. కాని యీ వేడుకకు వలసిన సామగ్రి తెలుగునాట అంతకు చాలకాలము ముందే సిద్ధమై యుండెను. ఆ సామగ్రి మూడువిధములు: చంద్రుని దగ్గఱకు తెచ్చు యంత్రము, శాస్త్రమును చెప్పగల తెలుగుమాట, చంద్రునితో చుట్టఱికము గల యిల్లు. ఈ మూడును ఒకదానినొకటి కలిసికొనక వేర్వేఱు దారుల నడచినవి. ఆ మూడుదారుల చరిత్రను స్థూలముగా చెప్పి, అవి కలియదగిన చోటు గ్రంథాలయమే యని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదటిది యంత్రపు దారి. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున స్వంతధనము వెచ్చించి యొక నక్షత్రశాలను నిర్మించిరి. ఆయన మద్రాసు నక్షత్రశాలకు అధిపతియైన టేలరుదొర యొద్ద ఖగోళవిద్య నేర్చినవారు. 1856లో ఆయన గతించిన పిదప అల్లుడగు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ శాలను నిలిపి వృద్ధిచేసిరి. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినప్పుడు ఆయన దానిని విశాఖనుండి పరిశీలించి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి నివేదిక పంపిరి. తెలుగుగడ్డపై తెలుగువారే నిర్మించి నడిపిన శాల యిది. అయినను దాని కనులు ఆకసమునందును, దాని పలుకు ఇంగ్లీషునందును ఉండెను.

అంతకు ఆఱేండ్లు ముందు, 1868 ఆగస్టు 18వ తేదీన, చంద్రుని నీడయే తెలుగునేలమీదుగా నడచిపోయెను. నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడగు టెనెంట్ గుంటూరునకు వచ్చిరి. మద్రాసు నక్షత్రశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమున విడిసెను. ఆ శాలలోనే సహాయకుడుగా నుండిన చింతామణి రఘునాథాచార్యులు మఱియొక బృందమునకు నాయకుడై వనపర్తి సంస్థానమునకు పోయెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును విడదీసి చూడగా, నాటికి తెలిసిన యే మూలపదార్థమునకును చెందని పసుపుపచ్చని గీత యొకటి కనబడెను. దానికి కారణమైన పదార్థమే పిమ్మట హీలియమని పేరొందినది. గ్రహణము లేకున్నను ఆ జ్వాలలను చూడవచ్చునని జాన్సెన్ మఱునాడు గుంటూరులోనే నిరూపించెను. గుంటూరు పేరు ప్రపంచశాస్త్రచరిత్రలో నిలిచిన దినమది. ఆనాడు గుంటూరు వీధులలో నున్న సామాన్యునకు పట్టపగలు చీకటి పడినది, పక్షులు గూండ్లకు చేరినవి, మరల వెలుగు వచ్చినది. దొరల గుడారములలో నేమి తెలిసినదో అతనికి అతని భాషలో చెప్పు పీఠమొకటి ఆ యూర లేదు.

రఘునాథాచార్యు లీ లోపమును గుర్తించిన వారిలో నొకడు. శుక్రసంక్రమణము సమీపింపగా, దానిని జనులకు విశదముచేయుటకై సంభాషణరూపమున నొక చిన్నపొత్తమును రచించి, దేశభాషలలోను వెలువరించెను. నక్షత్రశాలలో పనిచేయువాడు తన యంత్రమును విడిచి యొక్కయడుగు ముందుకు వచ్చి, పంచాంగము గుణించు సిద్ధాంతితో మాటాడుట కిది తార్కాణము. కాని అది యొక వ్యక్తి చేసిన యత్నము. అట్టి యత్నమునకు నిలువనీడ కావలెను. ఆ నీడ యనంతరకాలమున గ్రంథాలయరూపమున వచ్చినది.

ఇక రెండవదగు మాట నడచిన దారి. అదే విశాఖపట్టణమున 1886లో మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమను గ్రంథాలయమును స్థాపించిరి. హైదరాబాదున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. ఓరుగంటి ప్రాంతమున హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి యధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలిమహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషిచే గ్రంథాలయములకొక సంఘమును, మఱుసటియేట 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికయు ఏర్పడెను.

తొలిసభకధ్యక్షుడైన చిలకమర్తివారు బాల్యమునుండియు రేచీకటిచే బాధపడినవారు. పిమ్మట చూపు పూర్తిగా నశింపగా ఇతరులు చదువగా విని, తాము చెప్పగా ఇతరులు వ్రాయగా సాహిత్యసేవ సాగించినవారు. గ్రంథాలయోద్యమమున కిది యాదృచ్ఛికమైనను తగిన ఆరంభము. ఏలయన, నాటి పల్లెలలో అక్షరములు తెలిసినవారు కొలదిమంది. పుస్తకములను బీరువాలో నుంచి తాళము తెఱచినంతమాత్రమున గ్రంథాలయము గ్రామమునకు చెందదు. ఒకడు చదువగా పదుగురు వినుట, పురాణకాలక్షేపము, హరికథ, రాత్రిపాఠశాల, వార్తాపత్రిక చదివి వినిపించుట అను పనులచేతనే గ్రంథాలయము ఊరివారి దైనది. ప్రజలు తన యొద్దకు రాకున్న తానే వారి యొద్దకు పోవు స్వభావము ఆ యుద్యమమునకు కలదు. గ్రంథాలయయాత్రలు జరిపి కార్యకర్తలు ఊరూర తిరిగిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై నడచు పడవలో పుస్తకములనుంచి, పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ ప్రయాణికులకు అందించిరి. కాలువనీటిమీదికి పోయిన గ్రంథాలయము తన వాకిటికి, ఆకసము క్రిందికి వచ్చుటలో విడ్డూరమేమియు లేదు.

శాస్త్రమును తెలుగున చెప్పు పనికి పూనుకొన్నవారు గ్రంథాలయములను స్థాపించినవారే యగుట గమనింపదగినది. కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావుగారు శ్రీకృష్ణదేవరాయ నిలయ స్థాపకులలో నొకరు. 1906లో ఆయన, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు మున్నగు మిత్రులతో కూడి స్థాపించిన ప్రచురణసంస్థకు విజ్ఞానచంద్రికా మండలి యని పేరిడిరి. చంద్రిక యనగా వెన్నెల. ఎండవలె కనులను మిఱుమిట్లు గొలుపక, చీకటిలో దారిచూపునట్టి వెలుగు. ఆ మండలి చరిత్రములను, నవలలను మాత్రమే కాక రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానశాస్త్రములపై తెలుగుగ్రంథములను ప్రకటించెను. పారిభాషికపదములు లేని భాషలో వాక్యవాక్యమునకు పదమును కూర్చుకొనుచు వ్రాసిన పుస్తకములవి. లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అకారముతోనే నిలిచిపోగా 1923లో ఆయన గతించిరి. చకారము వఱకు ఆ గ్రంథము నడచియుండినచో చంద్రుని గూర్చి యెట్టి వ్యాసము వెలసియుండెడిదో యూహించుకొనవలసినదే.

ఇట్లు రెండుదారులును ఒకే పట్టణములలో సాగినవి. విశాఖలో నక్షత్రశాలయు నుండెను, సరస్వతీ నిలయమును నుండెను. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ నిలయము పుట్టిన కాలముననే నవాబు జఫర్ జంగు తన నక్షత్రశాలను నెలకొల్పెను. అది 1908లో ప్రభుత్వాధీనమై నిజామియా నక్షత్రశాల యను పేర, పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆకాశపటమును చిత్రించు అంతర్జాతీయ కార్యమున ఆ శాల పాల్గొని లక్షలకొలది నక్షత్రముల స్థానములను నిర్ణయించెను. ఆ పట్టికలు విద్వాంసులకు పోయినవి. నిలయములోని తెలుగుపుస్తకములు పాఠకులకు పోయినవి. శాలలో చూపు కలదు, మాట లేదు. నిలయములో మాట కలదు, చూపు లేదు. శాస్త్రగ్రంథమును చదివినవాడు తాను చదివినదానిని కంటితో చూడలేకపోయెను. కనుక తెలుగున శాస్త్రము చాలకాలము పాఠముగానే నిలిచెను, అనుభవము కాలేదు. తెలుగులో శాస్త్రగ్రంథములకు పాఠకులు తక్కువయగుటకు పదముల కాఠిన్యమే కారణమని పలువురు చెప్పుదురు. ఎదుట వస్తువు లేకుండుటయు అంత ప్రబలమైన కారణమే యని నా యభిప్రాయము. చూడని వస్తువుపేరు ఏ భాషలోనైనను కఠినముగానే యుండును.

మూడవది యింటి దారి. పై రెండును విద్యావంతులవి, ఇది యందఱిదియు. శాస్త్రచరిత్రకారులు దీనిని లెక్కింపరు. అన్నము తినని బిడ్డకు తల్లి మొదట చూపునది చంద్రుని. చెప్పు వరుస మేనమామ వరుస. తెలుగువారి పంచాంగమంతయు చంద్రునిపై నాధారపడినది. సూర్యచంద్రుల నడుమ 12 అంశల దూరము పెరిగినచో నొక తిథి. చంద్రుని నడక ఒక్కరీతిగా నుండదు కావున తిథి యొకప్పుడు 19 గంటలు, మఱియొకప్పుడు 26 గంటలు నుండును. చంద్రుడు నక్షత్రములనడుమ ఒకచుట్టు తిరుగుటకు పట్టుకాలము 27 దినములకు పైచిలుకు. అందుచే నక్షత్రములు 27 అయినవి. అమావాస్యనుండి అమావాస్యకు 29½ దినములు. అందుచే మాసమున 30 తిథులు. ఏ తిథియో అడిగి తెలిసికొను ప్రతి గృహిణియు తనకు తెలియకయే సూర్యచంద్రుల కోణమును అడుగుచున్నది.

అట్లతద్దినాడు ఉపవాసముండు కన్నెపిల్లలు చంద్రోదయమునకై వేచియుందురు. పౌర్ణమినాడు ప్రొద్దుగ్రుంకు వేళకు పొడుచు చంద్రుడు తదియనాటికి ఆలస్యముగా వచ్చునని వారికి ఆకలియే నేర్పును. దినమునకు సగటున 50 నిమిషములు చొప్పున చంద్రోదయము వెనుకబడునని శాస్త్రము చెప్పునది ఈ విషయమునే. చంద్రునియందలి మచ్చను కుందేలనిరి, జింక యనిరి; శశాంకుడు, మృగాంకుడు అను పేరులు దానినుండి పుట్టినవే. ఆ మచ్చ యెప్పుడును ఒకేరీతిగా మనవైపు తిరిగియుండుటను మన పూర్వులు చూచిరి. చంద్రుడు తనచుట్టు తాను తిరుగుటకును భూమిచుట్టు తిరుగుటకును ఒకే కాలము పట్టుటచే నట్లగుచున్నదని నేడు మనకు తెలియును. ఆ కుందేలు పూర్వమెప్పుడో కరగిన శిలాద్రవము పాఱి గడ్డకట్టిన నల్లని మైదానమని 1969 మొదలు అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లు నిర్ధారించినవి.

గ్రహణముమాట కూడ నట్టిదే. 499లో ఆర్యభటుడు చంద్రగ్రహణమునకు భూచ్ఛాయయే కారణమనియు, చంద్రుడు సూర్యకాంతిచేతనే వెలుగుచున్నాడనియు చెప్పెను. కాని ఊరి జనులు రాహుకేతువుల కథను నమ్మిరి. సిద్ధాంతి రెండింటిని ఎఱుగును. నీడను బట్టి గుణించి, కథను బట్టి విడుపుస్నానము చెప్పెను. ఆ జనులే రాత్రులు తోలుబొమ్మలాటను చూచిరి. దీపమునకు తెఱకును నడుమ బొమ్మను దగ్గఱకు జరిపిన నీడ యెట్లు మాఱునో, దూరము జరిపిన నెట్లు మాఱునో పల్లెపిల్లవానికి తెలియును. అతనికి గ్రహణమును బోధించుట కష్టమైన పని కాదు. వానికి తెలిసినదానినుండి తెలియవలసినదానికి దారి వేయువారు కావలెను, అంతియే.

ఈ మూడుదారులును ఇరువదవ శతాబ్దపు ద్వితీయార్ధమున కొంత దగ్గఱకు వచ్చినవి. 1968లో రంగాపురమున ఉస్మానియావారి 48 అంగుళముల దూరదర్శిని నెలకొన్నది. ఆ యేడే శాస్త్రపాఠ్యగ్రంథములను తెలుగున సిద్ధముచేయుటకు తెలుగు అకాడమి యేర్పడెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ రంగాపురము మీదుగా మరల తెలుగునేలపై నడచినది. శాస్త్రజ్ఞులు యంత్రములతో బయట నుండగా, దేశమున పలుపట్టణములలో జనులు తలుపులు బిగించుకొని యింట కూర్చుండిరి, వీధులు నిర్మానుష్యములయ్యెను. 1868 నాటికిని 1980 నాటికిని నడుమ 112 ఏండ్లు గడచెను. అక్షరాస్యత పెరిగెను, విశ్వవిద్యాలయములు వెలసెను. గుడారమునకును వీధికిని నడుమ దూరము మాత్రము తరుగలేదు. 1985లో హైదరాబాదున బిర్లా తారామండలము తెఱవబడుట, 1988లో జనవిజ్ఞానవేదిక పుట్టుట, మహీధర నళినీమోహనుగారి 'గ్రహణాల కథ' వంటి పుస్తకములు ఇంటింట చదువబడుట ఆ దూరమును తగ్గించిన కార్యములు. ఆ పిదప 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1, 2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోటనుండియే బయలుదేఱినవి. రెండవది ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున దిగినప్పుడు తెలుగిండ్లలో మూడుతరములవారు ఒకేచోట కూర్చుండి చూచిరి. కాని వారు చూచినది తెఱను. చంద్రుడు అదేవేళ వారి యింటిపైననే యుండెను.

అట్లయిన గ్రంథాలయమేమి చేయవలెను? 1948 నాటి మద్రాసు చట్టము, 1955 నాటి హైదరాబాదు చట్టము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టముల వలన పౌరగ్రంథాలయములకు ప్రభుత్వాశ్రయము లభించెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయసుంకము వసూలగుచున్నది. చదువునేర్చినవాడును చెల్లించును, నేర్వనివాడును చెల్లించును. ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులతో నేడు మన గ్రంథాలయములు నిండియున్నవి, అది సంతోషింపదగినదే. కాని ఆ యువకుని నాయనమ్మ చెల్లించిన సుంకమునకు ఆమెకు ముట్టినదేమి? పురాణకాలక్షేపము ఉన్న కాలమున ఆమెకు గ్రంథాలయమున చోటుండెను. అది పోయిన పిదప ఆ చోటును నింపు కార్యము రాలేదు. చంద్రరాత్రివంటి కార్యము ఆమెకు తిరిగి వాకిలి తెఱచును. ఇది వినోదమునకు సంబంధించిన విషయము కాదు, న్యాయమునకు సంబంధించినది.

కొన్నియేండ్ల క్రిందట ఒక చిన్నపట్టణపు గ్రంథాలయమున నిట్టి రాత్రికి సహకరించు నవకాశము నాకు కలిగెను. కళాశాలలో భౌతికశాస్త్రము బోధించు మిత్రుడు దూరదర్శినిని తెచ్చెను. తెలుగున చెప్పు పని నాకు ఒప్పగించెను. మేము శుద్ధాష్టమిని ఎన్నుకొంటిమి. పౌర్ణమినాడు సూర్యుడు చంద్రునిపై నిట్టనిలువుగా వెలుగుటచే నీడలుండవు. బిలములు, కొండలు సమతలముగా కనబడును. అష్టమినాడు వెలుగునకును చీకటికిని నడుమనున్న యంచు వెంబడి కొండలనీడలు పొడవుగా పడును. 1609లో గెలీలియో చంద్రునియందు కొండలున్నవని గ్రహించినది ఈ నీడలవలననే. మఱియు అష్టమిచంద్రుడు ప్రొద్దుగ్రుంకునప్పటికే నడినెత్తి ప్రాంతమున నుండి అర్ధరాత్రి ప్రాంతమున అస్తమించును. పిల్లలు నిద్రపోవు వేళకు ముందే చూపవచ్చును. వినాయకచవితిచంద్రుడును చూచుటకు యోగ్యుడే. కాని ఆనాడు చంద్రుని చూడరాదను నమ్మకము గలవారి మనసు నొప్పించి శాస్త్రము చెప్పుట తెలివి కాదు. నాలుగుదినములు ఆగిన మఱింత మంచి చంద్రుడు దొరకును.

లోపల గదిలో భూగోళమునొకదానిని బల్లపై నుంచితిమి. భూగోళము అడ్డుకొలత ఒక అడుగైనచో చంద్రుడు మూడుంబాతిక అంగుళముల బత్తాయిపండు. దానిని ఎంతదూరమున నుంచవలెనని పిల్లల నడుగగా జానెడనిరి, మూరెడనిరి. 30 అడుగులని చెప్పి గది చివరనున్న తలుపుకడకు ఒక బాలికచే నడిపించితిమి. ఆ బాలిక పండుతో తలుపుకడ నిలుచుండగా గదియంతయు నిశ్శబ్దమయ్యెను. ఒక పళ్లెములో ముగ్గుపిండి పోసి, పైని కుంకుమ చల్లి, గోలీలను ఎత్తునుండి వేయించితిమి. గోలీ పడిన చోట గుంట, గుంటచుట్టు గట్టు, గట్టునుండి నలుదిక్కులకు తెల్లని చారలు ఏర్పడినవి. ఉల్కాపాతమున బిలమెట్లు కలుగునో దీనికంటె తేటగా చెప్పు వాక్యము నాకు తెలియదు. వెలుపలికి వచ్చి దూరదర్శినిలో చూచినవారు ఆ గుంటలనే చంద్రునియందు గుర్తించిరి.

అచట వరుసలో నొక వృద్ధురాలు తన మనుమనితో నిలుచుండెను. ఆమె నన్ను చూచి, "సగం చందమామను చూపిస్తారేం నాయనా? పున్నమికి పిలిస్తే నిండుగా కనపడును గదా!" అనెను. నీడల సంగతి చెప్పితిని. ఆమె చూచి, కొంతసేపు కన్ను తీయలేదు. తరువాత మనుమడు చూచి, వెలుగు చీకటులను వేఱుచేయు ఆ గీత పేరేమని నన్నడిగెను. ఇంగ్లీషుమాట నోటికి వచ్చినది, తెలుగుమాట రాలేదు. ఇరువదియేండ్లు తెలుగు బోధించినవాడనైనను నిలిచిపోతిని. "పొలిమేర, నాన్నా! వెలుగుకూ చీకటికీ పొలిమేర," అని ఆ వృద్ధురాలే వానికి చెప్పెను. బాలుడు తృప్తిపడెను. ఆ మాటను నేను వ్రాసికొంటిని.

ఈ చిన్నసంఘటనకు భాషాచరిత్రలో గల యర్థమును పరిశోధకులు ఆలోచింపవలెను. విజ్ఞానచంద్రికా మండలి కాలమునుండి తెలుగు అకాడమి కాలము వఱకు మనము పారిభాషికపదములను బల్లయొద్ద కూర్చుండి, సంస్కృతధాతువులనుండి నిర్మించితిమి. ఆ పని యవసరమే. దానివలననే పాఠ్యగ్రంథములు వెలసినవి. కాని వస్తువు ఎదుట నుండగా, ఆవశ్యకత కలుగగా, భాష తెలిసినవారి నోట తానై పుట్టు పదము వేఱు. వృద్ధురాలు ఇంగ్లీషుపదమును అనువదింపలేదు. చూచినదానికి పేరుపెట్టినది. పొలిమేర గ్రామసీమలనుండి వచ్చిన మాట. ఒక యూరు ముగిసి మఱియొక యూరు మొదలగు చోటు. దానిని చంద్రునిపై నుంచుటకు ఆమెకు చూపు కావలసివచ్చెను. ఆ చూపునకు యంత్రము, ఆ యంత్రము నిలుచుటకు అందఱును వచ్చుటకు వీలైన యొక తావు కావలసివచ్చెను. యంత్రము, మాట, ఇల్లు అను మూడును ఆ రాత్రి కలిసినవి కనుకనే ఆ పదము పుట్టినది.

ఇది గ్రంథాలయము చేయవలసిన పనియేనా, పాఠశాలలకును తారామండలములకును విడువరాదా యని యడుగువారు కలరు. పాఠశాలకు పిల్లలు మాత్రమే పోవుదురు. తాతయు మనుమడును ఒకే వరుసలో నిలుచు చోటు కాదది. తారామండలము మహానగరమున నుండును. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. చూచి యింటికి పోవు పిల్లవానికి కలుగు ప్రశ్నలు మఱునాడు ఉదయమునకు మరుగునపడును. గ్రంథాలయమున మాత్రము దూరదర్శినికి పదియడుగుల దూరములో పుస్తకమున్నది. ఆ రాత్రి మేము చంద్రునిగూర్చిన కథలు, గ్రహణములు, పంచాంగములు, చంద్రయానములపై లభించిన తెలుగుపుస్తకములను ఒక బల్లపై పఱచి, అప్పటికప్పుడు ఎరువిచ్చుటకు ఏర్పాటు చేసితిమి. రాత్రి ముగియునప్పటికి బల్లపై కొన్ని ప్రతులే మిగిలినవి. చూపు ప్రశ్నను పుట్టించును, పుస్తకము దానిని పెంచును. ఈ రెండింటిని ఒకే కప్పు క్రింద నుంచగలిగినది గ్రంథాలయము మాత్రమే.

ఇట్టి రాత్రికి ధనము పెద్దగా అక్కఱలేదు. చిన్న దూరదర్శిని యొకటి, భూగోళము, పండు, పళ్లెమెడు ముగ్గుపిండి, పంచాంగము, తెలుగు చక్కగా పలుకగలవారు ఒకరు, గంటసేపు ఎక్కువగా తలుపు తెఱచియుంచు గ్రంథపాలకుడు చాలును. మబ్బుపట్టిన రాత్రి సయితము లోపలి కార్యము సాగును. తెలుగుశాఖలలోని పరిశోధకులు ఈ రాత్రులకు వచ్చి, జనుల నోట పుట్టు మాటలను సేకరించినచో, మన శాస్త్రభాషకు పొలిమేర వంటి పదములు మఱికొన్ని చేకూరును. 1868లో గుంటూరున గుడారమునకును వీధికిని నడుమ నిలువవలసి యుండిన పీఠము నాడు లేదు. నేడు ఆ పీఠము ప్రతి పట్టణమున, అనేక గ్రామములలో కలదు. దానికి సుంకమును ప్రజలు చెల్లించుచునే యున్నారు. శుద్ధాష్టమి నెలకొకమాఱు వచ్చుచునే యున్నది.